ఆగాల్సిన చోట ఆగి, దూకకూడని చోట దూకి: అరకొర వైరస్ కణాల పుట్టుక

ఎక్కువ విత్తనం చల్లితే పంట తగ్గిందంటే ఎవరైనా నేలనో వాననో అనుమానిస్తారు. 1940ల చివర్లో, 1950ల మొదట్లో డెన్మార్క్ వైరాలజిస్టు ప్రెబెన్ వాన్ మాగ్నస్‌కు ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తో అచ్చం ఇలాంటి చిక్కే ఎదురైంది. పిండం ఎదుగుతున్న కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, ఆ ద్రవాన్ని పలచన చెయ్యకుండా అలాగే తర్వాతి గుడ్లకు ఎక్కించుకుంటూ పోతే, కొద్ది విడతల్లోనే దానికి ఇన్‌ఫెక్షన్ కలిగించే శక్తి దారుణంగా పడిపోయేది. విచిత్రమేమంటే, ఎర్ర రక్తకణాలను గుత్తులుగా అతికించే గుణం మాత్రం అంతగా తగ్గేది కాదు. అంటే కణాలు ఉన్నాయి, వాటి పై తొడుగూ ఉంది, లోపల పని మాత్రం జరగడం లేదు. అదే ద్రవాన్ని బాగా పలచన చేసి ఎక్కిస్తే వైరస్ మళ్లీ మామూలుగా పెరిగేది. వాన్ మాగ్నస్ దీన్ని అసంపూర్ణ వైరస్ అన్నారు.

ఆ అసంపూర్ణత కంటికి స్పష్టంగా కనిపించింది మరో వైరస్‌లో. పశువుల నోట్లో పొక్కులు తెచ్చే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్‌ని పొట్టిగా వీఎస్‌వీ అంటారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద అది తుపాకీ గుండులా ఉంటుంది. చిక్కగా ఎక్కించి పెంచినప్పుడు ఈ గుండ్లతో పాటు వాటిలో మూడో వంతు పొడవుండే మొండి గుండ్లు కూడా కుప్పలుగా వచ్చేవి. ఈ వైరస్‌లో ఆర్‌ఎన్‌ఏ పోగు ప్రొటీన్‌తో కలిసి స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. పోగు పొట్టిదైతే స్ప్రింగు పొట్టిది, స్ప్రింగు పొట్టిదైతే గుండూ పొట్టిదే. ఇంత సూటిగా జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం ఉండే పోగు) కొలత బయటికి కనిపించే వైరస్‌లు తక్కువ. 1970లో ఆలిస్ హువాంగ్, డేవిడ్ బాల్టిమోర్ కలిసి ఇలాంటి కణాలకు ఒక నిర్వచనం ఇచ్చారు. మామూలు వైరస్ ప్రొటీన్లే ఉండాలి, జీనోమ్‌లో కొంత భాగమే ఉండాలి, సొంతంగా పెరగలేక మామూలు వైరస్ సాయం తీసుకోవాలి, ఆ సాయం చేసిన వైరస్ పెరుగుదలకే అడ్డుపడాలి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాటికి శాస్త్రం పెట్టిన పేరు డిఫెక్టివ్ ఇంటర్‌ఫియరింగ్ పార్టికల్స్, పొట్టిగా డీఐలు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. చెడిపోయిన ప్రతి వైరస్ కణమూ డీఐ కాదు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు కాపీ తీసేటప్పుడు తప్పులు విరివిగా చేస్తాయి, ఆ తప్పుల వల్ల పనికిరాకుండా పోయిన కణాలకు లెక్కేలేదు. వాటిలో ఎక్కువ భాగం మరో తరాన్ని చూడకుండానే పోతాయి. డీఐ అలా పోదు. అది తరతరానికీ పెరుగుతుంది, అసలు వైరస్ కంటే వేగంగా పెరుగుతుంది. పొరపాటున పుట్టినా, ఎంపికై నిలిచినది అది. ఏది తెగిపోయిందన్న దానికంటే ఏది మిగిలిందన్నదే అందుకు కారణం. ఆ మిగిలిన ముక్కలను చూస్తే వైరస్ ఆర్‌ఎన్‌ఏ మీద రాసి ఉన్న సంకేతాల సంగతి బయటపడుతుంది.

ఒకే యంత్రం, రెండు పనులు

వీఎస్‌వీ జీనోమ్‌లో 11,161 న్యూక్లియోటైడ్‌లు, అంటే ఎ, యు, సి, జి అనే ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు, ఉంటాయి. అది నెగెటివ్ పోగు, అంటే వైరస్ సోకిన జీవకణంలో ప్రొటీన్లు తయారు చేసే రైబోజోమ్ దాన్ని నేరుగా చదవలేదు. ముందు దాని ఎదురు ప్రతి తయారు కావాలి. ఆ పని చేసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను వైరస్ తన వెంటే మోసుకొస్తుంది, ఎందుకంటే కణంలో అలాంటి ఎంజైమ్ దానికి దొరకదు. ఆ పాలిమరేజ్ రెండు రకాల పనులు చెయ్యాలి. ఒకటి అనులేఖనం, అంటే ట్రాన్స్‌క్రిప్షన్. ఒక్కో జన్యువుకూ విడిగా ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే రైబోజోమ్ చదివే ప్రతి, తీయడం. రెండోది ప్రతికృతి, అంటే మొత్తం పోగును ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా కాపీ తీయడం. చిక్కంతా ఇక్కడే ఉంది. అచ్చు (కాపీకి మూలమైన పోగు) ఒకటే, యంత్రమూ ఒకటే. మొదటి పనిలో ప్రతి జన్యువు చివరా ఆగాలి, రెండో పనిలో ఎక్కడా ఆగకూడదు.

వీఎస్‌వీలో ఐదు జన్యువులు ఎన్, పి, ఎం, జి, ఎల్ అనే వరసలో ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ పోగు రెండు కొసలను 3 ప్రైమ్, 5 ప్రైమ్ అంటారు. పాలిమరేజ్ 3 ప్రైమ్ కొస దగ్గరే మొదలుపెట్టి, ముందు 47 న్యూక్లియోటైడ్‌ల చిన్న లీడర్ ఆర్‌ఎన్‌ఏ తీసి, తర్వాత జన్యువుల్లోకి వస్తుంది. రెండు జన్యువుల మధ్య ఉండే గట్టు 23 న్యూక్లియోటైడ్‌లే. అందులో మొదటి 11 ముగింపు సంకేతం: ఎ-యు-ఎ-సి, ఆ వెంటనే ఏడు యు-లు. తర్వాత రెండు అక్షరాలు ఎవరికీ చెందనివి, వాటిని పాలిమరేజ్ కాపీ తీయకుండా దాటేస్తుంది. ఆ తర్వాతి పది, కింది జన్యువుకు మొదలు సంకేతం.

ఏడు యు-ల దగ్గర జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. పాలిమరేజ్ ఏడు యు-లకు ఎదురుగా ఏడు ఎ-లు రాస్తుంది. ఎ, యు-ల మధ్య పట్టు బలహీనం కాబట్టి కొత్త పోగు కొంచెం వెనక్కి జారుతుంది, పాలిమరేజ్ అవే యు-లను మళ్లీ చదువుతుంది. మళ్లీ జారుతుంది, మళ్లీ చదువుతుంది. గీత పడిన రికార్డు ఒకే ముక్కను పాడినట్టు, ఏడు యు-ల నుంచే నూటయాభై, రెండొందల ఎ-ల తోక తయారవుతుంది. కణం తన ఎంఆర్‌ఎన్‌ఏలకు తోక అతికించడానికి వేరే ఎంజైమ్‌ను పెట్టుకుంటే, వైరస్ ఒక నత్తిని పనిలో పెట్టుకుంది. ప్రయోగాల్లో ఏడు యు-లలో ఒక్కటి తీసేసి ఆరు చేస్తే ఆ నత్తీ పోయింది, ముగింపూ పోయింది. పాలిమరేజ్ ఆగకుండా పక్క జన్యువులోకి వెళ్లిపోయి రెండు జన్యువులు కలిసిన పొడుగాటి ఆర్‌ఎన్‌ఏ తీసింది.

తోక పూర్తయ్యాక పాలిమరేజ్ తర్వాతి జన్యువు మొదలుపెట్టాలి. ప్రతిసారీ పెట్టదు. చాలా గట్ల దగ్గర సుమారు 30 శాతం పడిపోతుంది, ఎల్ జన్యువు ముందు అంతకంటే ఎక్కువ. పడిపోయినది మళ్లీ 3 ప్రైమ్ కొస నుంచే రావాలి. అందుకే ముందున్న ఎన్ ప్రొటీన్ ఎక్కువగా, చివరనున్న ఎల్ చాలా తక్కువగా తయారవుతాయి. ఎన్ అన్ని ఆర్‌ఎన్‌ఏ పోగులకూ తొడుగు కాబట్టి రాశులుగా కావాలి. ఎల్ పాలిమరేజ్ కాబట్టి కొద్దిగా చాలు. వేరే అదుపు ఏదీ లేకుండా, జన్యువుల వరస ఒక్కటే పాళ్లను నిర్ణయిస్తోంది. 1998లో ఎన్ జన్యువును మెల్లగా వెనక స్థానాలకు జరుపుతూ వీఎస్‌వీలు తయారు చేసి చూస్తే, జరిపిన కొద్దీ వైరస్ బలహీనపడింది. జన్యువులో ఒక్క అక్షరం మార్చకుండా, చోటు మార్చి వైరస్‌ను నీరసపరచడం అది.

మరి ప్రతికృతి సమయంలో ఇవే సంకేతాలను పాలిమరేజ్ ఎలా పట్టించుకోకుండా పోతుంది? ఇందులో ప్రధాన పాత్ర ఎన్ ప్రొటీన్‌ది. అది తగినంత పోగయ్యాక కొత్తగా వస్తున్న ఆర్‌ఎన్‌ఏకు అప్పటికప్పుడే తొడుగుకుంటూ పోతుంది. తొడుగుతో వెళ్తున్నప్పుడు గట్ల దగ్గరి ముగింపు సంకేతాలు పనిచెయ్యవు. అలా పూర్తి పొడవు ప్రతి, యాంటీజీనోమ్, వస్తుంది. దాని కొస నుంచి పాలిమరేజ్ మళ్లీ అసలు జీనోమ్ కాపీలు తీస్తుంది.

ఈ కథలో తర్వాత పనికొచ్చే వివరం ఒకటుంది. జీనోమ్ 3 ప్రైమ్ కొసన ఉండే ప్రమోటర్, అంటే పాలిమరేజ్ ఎక్కి పని మొదలుపెట్టే చోటు, రెండు పనులకూ సేవ చెయ్యాలి, కొన్నిసార్లు ఎంఆర్‌ఎన్‌ఏకు, కొన్నిసార్లు ప్రతికృతికి. యాంటీజీనోమ్ కొసన ఉండే ప్రమోటర్‌కు అనులేఖనం బాధ్యతే లేదు. అది కాపీలు తీయడానికే ఉంది, అందుకే ఆ పనిలో బలమైనది. మామూలు వైరస్ సోకిన జీవకణంలో యాంటీజీనోమ్‌ల కంటే జీనోమ్‌లు ఎక్కువ ఉండటానికి కారణం అదే.

వెనక్కి తిరిగిన పోగు

ఇప్పుడు పొరపాటు సంగతి. పాలిమరేజ్ యాంటీజీనోమ్ మీద కూర్చుని కొత్త జీనోమ్ పోగును రాస్తోందనుకుందాం. మధ్యలో ఎక్కడో అచ్చు మీద పట్టు జారింది. చేతిలో రాస్తున్న పోగు మాత్రం అలాగే ఉంది. అచ్చు కోసం వెతుక్కుంటే దగ్గరలో దొరికేది ఏది? తాను ఇంతవరకూ రాసిన పోగే. దాని మీదకే ఎక్కి, వెనక్కి తిరిగి, దాని మొదటి కొస దాకా కాపీ తీసేస్తుంది. దీన్ని కాపీబ్యాక్ అంటారు. వచ్చిన పోగు రెండు కొసలూ ఒకదానికొకటి జతపడేవి, మధ్యలో ఒక ఉచ్చు. వీఎస్‌వీ మొండి గుండ్లలో చాలావాటిలో ఉండేది ఇలాంటి ఆర్‌ఎన్‌ఏయే.

ఈ పోగులో ఏం పోయింది? జన్యువులు దాదాపు అన్నీ పోయాయి. అనులేఖనానికి పనికొచ్చే లీడర్ ప్రమోటర్ కూడా పోయింది. దాని స్థానంలో యాంటీజీనోమ్ వైపు ఉండే బలమైన ప్రమోటర్ వచ్చి కూర్చుంది, అది కూడా పోగుకీ, దాని ఎదురు ప్రతికీ రెండింటికీ. అంటే ఎంఆర్‌ఎన్‌ఏలు తీసే బరువు దించేసుకుని, కాపీలు తీసుకునే హక్కు రెట్టింపు చేసుకున్న జీనోమ్ ఇది. పొట్టిది కాబట్టి త్వరగా పూర్తవుతుంది, ప్రమోటర్ బలమైనది కాబట్టి పాలిమరేజ్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. సాయం చేసే వైరస్ ఎంఆర్‌ఎన్‌ఏలు తీసి ప్రొటీన్లు తయారు చేస్తుంటే, ఆ ప్రొటీన్లన్నీ ఇది వాడేసుకుంటుంది. పొట్టిదనం ఒక్కటే కారణమని కొన్ని పుస్తకాల్లో రాస్తారు గానీ, అది సగం సమాధానమే. ప్రమోటర్ మార్పిడి లేకపోతే ఈ కాపీబ్యాక్ డీఐలు అంత దూకుడుగా ఉండేవి కావు.

రెండో దారి మరింత మామూలుది. పాలిమరేజ్ వెనక్కి తిరగకుండా అదే అచ్చు మీద ముందుకు దూకుతుంది. మధ్య భాగం ఎగిరిపోతుంది, రెండు కొసలూ నిలుస్తాయి. ఇన్‌ఫ్లుయెంజాలో ఎక్కువగా కనిపించేది ఇదే.

సూత్రం ఒకటే: కొసలు పోకూడదు. ప్రమోటర్లు, తొడుగు ప్రొటీన్ పట్టుకోవడం మొదలుపెట్టే చోటు, కొన్ని వైరస్‌లలో జీనోమ్‌ను వైరస్ కణంలోకి ఎక్కించుకునే సంకేతాలు, అన్నీ కొసల్లో ఉంటాయి. మధ్యలో ఉన్న జన్యువుల పనిని పక్క వైరస్ చేసి పెట్టగలదు. కొస పనిని ఎవరూ చేసి పెట్టలేరు, అది ఆ పోగు మీదే ఉండాలి. అందువల్ల డీఐలు ప్రకృతి కత్తిరించి ఇచ్చిన నమూనాలయ్యాయి. వైరస్‌కు కనీసం ఏమేం కావాలో తెలుసుకోవాలంటే, ఇంకా బతికి ఉన్న అతి పొట్టి డీఐలో ఏం మిగిలిందో చూస్తే సరిపోయేది. జీనోమ్‌ను కావాల్సినట్టు మార్చి వైరస్‌ను తయారు చేసే రివర్స్ జెనెటిక్స్ పరికరాలు చేతికి రాకముందు ఈ రంగంలో నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఇలాగే వచ్చింది.

దీనికి అన్నిటికంటే ముచ్చటైన ఉదాహరణ సెండాయ్ వైరస్. ఎలుకల్లో శ్వాసకోశ జబ్బు తెచ్చే ఈ వైరస్ జీనోమ్ పొడవు 15,384. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడిన దాని కాపీబ్యాక్ డీఐ ఒకటి 1,410. కాంటెల్ రకంలో కనిపించే మరో కాపీబ్యాక్ జీనోమ్ 546. మూడింటినీ ఆరుతో భాగిస్తే శేషం రాదు. 1993లో కాలెన్, రూ అనే ఇద్దరు 1,410 పొడవున్న ఆ డీఐకి అక్షరాలు కలుపుతూ, తీస్తూ చూశారు. పొడవు ఆరు గుణిజంగా ఉన్నప్పుడే అది బాగా పెరిగింది. దీనికి ఆరు నియమం అని పేరు వచ్చింది. కారణం తొడుగులో ఉంది. ఈ కుటుంబంలో ఒక్కో ఎన్ ప్రొటీన్ సరిగ్గా ఆరు న్యూక్లియోటైడ్‌లను కప్పుతుంది. ఒక్క అక్షరం ఎక్కువైనా తక్కువైనా కొసన ఉండే ప్రమోటర్ అక్షరాలు ప్రొటీన్‌లో ఉండాల్సిన గదిలో కాకుండా పక్క గదిలో పడతాయి. ఈ ప్రమోటర్ రెండు ముక్కలు. మొదటిది కొసనే ఉంటే, రెండో ముక్కకు కీలకమైన అక్షరాలు 79, 85, 91 స్థానాల్లో ఆరేసి ఎడంతో ఉంటాయి. పోగు స్ప్రింగులా చుట్టుకున్నప్పుడు మొదటి ముక్క పైన తర్వాతి చుట్టులో ఇవి వచ్చి కూర్చుంటాయి. పాలిమరేజ్ ఆ రెండు చుట్లనూ కలిపి ఒకే ముఖంగా గుర్తిస్తుంది. వీఎస్‌వీలో ఒక్కో ఎన్ తొమ్మిదింటిని కప్పుతుంది, అయినా అక్కడ తొమ్మిది నియమం లేదు. ఒకే తరహా నిర్మాణం ఒక చోట కఠినమైన లెక్కనూ, పక్క కుటుంబంలో సడలింపునూ ఇచ్చిందంటే, ప్రమోటర్‌ను చదివే పద్ధతిలోనే తేడా ఉందనుకోవాలి.

ఇన్‌ఫ్లుయెంజా సంకేతాలు వేరే తీరు. దాని జీనోమ్ ఎనిమిది ముక్కలు. ప్రతి ముక్కకూ 3 ప్రైమ్ కొసన 12, 5 ప్రైమ్ కొసన 13 అక్షరాలు దాదాపు మారకుండా ఉంటాయి. రెండు కొసలనూ పాలిమరేజ్ ఒకేసారి పట్టుకుంటుంది. ఎంఆర్‌ఎన్‌ఏ మొదలుపెట్టడానికి అది జీవకణం సొంత ఆర్‌ఎన్‌ఏల తలలను, పది పదమూడు అక్షరాల దాకా, వాటి మొదట్లో ఉండే క్యాప్ అనే టోపీతో సహా, కత్తిరించి తెచ్చుకుంటుంది. ముగింపుకు 5 ప్రైమ్ కొసకు కొంచెం ముందు ఐదు నుంచి ఏడు యు-లు ఉంటాయి. 5 ప్రైమ్ కొస పాలిమరేజ్ పట్టులోనే ఉండటంతో అది అంతకు మించి ముందుకు లాగలేక, ఆ యు-ల మీదే తడబడుతూ తోక రాస్తుంది. వీఎస్‌వీలో ఉన్న నత్తే, కారణం వేరు.

ఇన్‌ఫ్లుయెంజా డీఐలు ఎక్కువగా పాలిమరేజ్ భాగాలను కోడ్ చేసే మూడు పొడవైన ముక్కల నుంచి పుడతాయి: పీబీ2, పీబీ1, పీఏ. ఇవి 2,200 నుంచి 2,350 మధ్య పొడవుంటే, వాటి డీఐలు తరచుగా కొన్ని వందలకు కుదించుకుపోతాయి. బాగా పరిశోధించిన ఒకటి పీబీ2 ముక్క నుంచి వచ్చింది, దాని పొడవు 395. రెండు పక్కలా కొసలూ, వైరస్ కణంలోకి ఎక్కడానికి కావాల్సిన సంకేతాలూ నిలబడ్డాయి. అందుకే అసలు ముక్క ఎక్కాల్సిన సీట్లో ఇది కూర్చుంటుంది. ఆ వైరస్ కణం బయటికి చూడటానికి పరిపూర్ణంగా ఉంటుంది, ఎనిమిది ముక్కలూ ఉంటాయి, కానీ పాలిమరేజ్‌లో ఒక భాగానికి సూచనలే ఉండవు. వాన్ మాగ్నస్ చూసిన, ఇన్‌ఫెక్షన్ శక్తి పడిపోయిన ద్రవంలో రక్తకణాలు అతుక్కోవడం ఎందుకు తగ్గలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

దూకడమే పద్ధతి అయిన చోట

పై రెండు ఉదాహరణల్లో దూకడం ప్రమాదం. కరోనావైరస్‌లలో అది దినచర్య.

సార్స్-కోవ్-2 జీనోమ్ 29,903 న్యూక్లియోటైడ్‌ల పాజిటివ్ పోగు. మొదటి మూడింట రెండొంతులు రైబోజోమ్ నేరుగా చదువుతుంది. స్పైక్ లాంటి ప్రొటీన్లు మిగతా మూడో వంతులో ఉంటాయి, వాటికి పొట్టి ఎంఆర్‌ఎన్‌ఏలు విడిగా కావాలి. ప్రతి పొట్టి ఎంఆర్‌ఎన్‌ఏ తలలోనూ జీనోమ్ మొదట్లో ఉండే సుమారు 70 అక్షరాల లీడర్ ఉంటుంది. ఈ అతుకు ఎలా పడుతుంది? ప్రతి జన్యువు ముందూ ఎ-సి-జి-ఎ-ఎ-సి అనే ఆరక్షరాల సంకేతం ఉంటుంది. లీడర్ చివర కూడా అదే ఆరక్షరాల మాట. పాలిమరేజ్ 3 ప్రైమ్ కొస నుంచి ఎదురు పోగును రాసుకుంటూ వస్తూ, ఏదో ఒక జన్యువు ముందున్న సంకేతం దగ్గర ఆగుతుంది. ఆగితే, కొత్త పోగు కొసన ఆ సంకేతానికి ఎదురు అక్షరాలు ఉంటాయి కదా, అవి వేల అక్షరాల అవతల ఉన్న లీడర్ సంకేతంతో జతపడతాయి. పోగు అక్కడికి దూకి, లీడర్‌ను కాపీ తీసుకుని పూర్తవుతుంది. ఆగకపోతే పాలిమరేజ్ తర్వాతి సంకేతం దాకా వెళ్తుంది. ఎక్కడా ఆగకపోతే పూర్తి జీనోమ్ ప్రతి వస్తుంది.

ఇప్పుడు ఈ దూకుడును, డీఐ పుట్టుకను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటిలోనూ పాలిమరేజ్ ఒక చోట ఆగింది, పోగుతో సహా అచ్చు వదిలింది, మరో చోట ఎక్కింది. ఒకదానిలో ఆ చోటును ఆరక్షరాల సంకేతం ఎంపిక చేసింది. రెండోదానిలో సంకేతం లేదు, లేదా అనుకోకుండా దొరికిన రెండు మూడు అక్షరాల పోలిక ఉంది. అనులేఖన సంకేతం, డీఐ పొరపాటు వేర్వేరు విషయాలుగా పాఠాల్లో వేర్వేరు అధ్యాయాల్లో కనిపిస్తాయి. నిజానికి పాలిమరేజ్‌కు ఆగడం, జారడం, దూకడం అనే మూడు అలవాట్లున్నాయి. వైరస్ పరిణామం ఆ అలవాట్లను మాన్పించలేదు. ఎక్కడ జరగాలో అక్షరాలతో రాసి పెట్టింది, అంతే. రాసి లేని చోట కూడా అవి అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంటాయి. 2020లో సార్స్-కోవ్-2 ఆర్‌ఎన్‌ఏలను నేరుగా చదివిన దక్షిణ కొరియా బృందం తొమ్మిది సాధారణ పొట్టి ఆర్‌ఎన్‌ఏలతో పాటు, సంకేతానికి సంబంధం లేని చోట్ల అతుకులు పడిన ఆర్‌ఎన్‌ఏలను కూడా పెద్ద సంఖ్యలో చూసింది.

ఎలుకల కరోనావైరస్‌తో 1991లో జరిగిన ఒక ప్రయోగం ఈ రెండు విషయాలనూ ఒకే చోటికి తెచ్చింది. ఆ వైరస్ డీఐ ఆర్‌ఎన్‌ఏను క్లోన్ చేసి, దాని మధ్యలో జన్యువుల ముందుండే సంకేతాన్ని చొప్పించారు. సాయం చేసే వైరస్ ఉన్న కణంలోకి పంపితే, ఆ డీఐ నుంచి లీడర్ అతుక్కున్న కొత్త పొట్టి ఎంఆర్‌ఎన్‌ఏ వచ్చింది. సంకేతం ఒక్కటి పెడితే చాలు, ఎంఆర్‌ఎన్‌ఏ పుడుతుందని తేలింది. ముప్పై వేల అక్షరాల జీనోమ్‌తో ఆ రోజుల్లో చెయ్యలేని పనిని రెండు వేల చిల్లర అక్షరాల అరకొర ఆర్‌ఎన్‌ఏ చేసి పెట్టింది.

జారడాన్ని అదుపులో పెట్టి వాడుకున్న వైరస్ ఎబోలా. దాని జీపీ జన్యువు మధ్యలోనూ ఏడు యు-లు ఉన్నాయి. పాలిమరేజ్ అక్కడ తోక రాసేంత నత్తి చూపదు గానీ అప్పుడప్పుడూ ఒక ఎ ఎక్కువ రాస్తుంది. ఎక్కువ రాయకపోతే కణం బయటికి విడుదలయ్యే పొట్టి ప్రొటీన్ వస్తుంది. ఒకటి ఎక్కువైతే చదివే చట్రం, అంటే అక్షరాలను మూడేసిగా విడగొట్టి చదివే లెక్క, మారి, వైరస్ పైన ఉండే పూర్తి గ్లైకోప్రొటీన్ వస్తుంది. ఒక్క అక్షరం జారుడు మీద వైరస్ ముఖం ఆధారపడి ఉంది.

వీటన్నిటికీ ఎదురుగా నిలబడేది పోలియో. దానికి అనులేఖన సంకేతాలే లేవు. సుమారు 7,440 అక్షరాల జీనోమే ఎంఆర్‌ఎన్‌ఏ, మొత్తం ఒకే పొడవైన ప్రొటీన్‌గా చదువుకుని తర్వాత ముక్కలు చేసుకుంటుంది. అందుకే దాని డీఐలు కూడా వేరు. 1970ల మొదట్లో దొరికిన పోలియో డీఐలలో పోయేది ఒక్క తొడుగు ప్రొటీన్ల భాగమే, అదీ చదివే చట్రం చెడకుండా మూడేసి అక్షరాల లెక్కలోనే. చట్రం చెడితే వెనకున్న ప్రతికృతి ప్రొటీన్లు తయారు కావు, వాటిలో కొన్నిటిని పక్క వైరస్ నుంచి అరువు తెచ్చుకోవడం కుదరదు. వీఎస్‌వీ డీఐ జన్యువులన్నీ పారేసుకుని బతకగలిగితే, పోలియో డీఐ తన పాలిమరేజ్‌ను తానే మోసుకుతిరగాలి.

ఎప్పుడు పెరుగుతాయి, ఎవరికి నష్టం

డీఐ పెరగాలంటే అదే కణంలో మామూలు వైరస్ కూడా ఉండాలి. పలచగా ఎక్కిస్తే ఒక్కో కణానికి ఒక్కో వైరస్ కూడా అందదు, డీఐ ఒంటరిగా ఏదో కణంలో చిక్కుకుని అంతటితో ఆగిపోతుంది. చిక్కగా ఎక్కిస్తే రెండూ ఒకే కణంలో పడతాయి, డీఐకి పండగే. వాన్ మాగ్నస్ గుడ్ల చిక్కుకు సమాధానం ఇదే. కానీ డీఐలు మరీ ఎక్కువైతే సాయం చేసే వైరస్సే కరువవుతుంది, డీఐలూ పడిపోతాయి, అప్పుడు మామూలు వైరస్ మళ్లీ తలెత్తుతుంది. వేటాడే జంతువు, వేటగా దొరికే జంతువు సంఖ్యలు ఒకదాని వెనక ఒకటి పెరిగి తగ్గినట్టే. వీఎస్‌వీలో ఈ ఆటుపోట్లను 1970లలోనే కొలిచారు. 2013లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు టీకా కోసం ఇన్‌ఫ్లుయెంజాను ఆపకుండా పెంచే బయోరియాక్టర్ నడిపితే అందులోనూ ఇదే ఎగుడుదిగుడు కనిపించింది. టీకా తయారీదారులకు ఇది నిజమైన టెన్షన్. అందుకే విత్తన వైరస్‌ను ఎప్పుడూ పలచగా ఎక్కించి, తక్కువ విడతల్లోనే వాడతారు.

శరీరంలో డీఐ పాత్ర ఒక్క పోటీతో ముగియదు. కాపీబ్యాక్ పోగు రెండు కొసలూ జతపడి, చివర మూడు ఫాస్ఫేట్‌లతో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏగా మారగలవు. కణంలో కాపలా కాసే రిగ్-ఐ అనే ప్రొటీన్ వెతికేది సరిగ్గా ఇలాంటి ఆకారాన్నే. అది గంట కొడితే వైరస్‌లను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ విడుదలవుతుంది. సెండాయ్ కాంటెల్ రకాన్ని ఇంటర్‌ఫెరాన్ పుట్టించడానికి ప్రయోగశాలలు దశాబ్దాలుగా వాడుతున్నాయి. దాని బలంలో పెద్ద వాటా ఆ 546 అక్షరాల అరకొర జీనోమ్‌దే. 1957లో ఇంటర్‌ఫెరాన్ దొరికింది కూడా, ఒక వైరస్ మరో వైరస్‌ను ఎలా అడ్డుకుంటుందన్న ప్రశ్నకు జవాబు వెతుకుతుండగానే. డీఐలు అడ్డుకోవడం, ఇంటర్‌ఫెరాన్ అడ్డుకోవడం రెండు వేరు వేరు యంత్రాంగాలు. కానీ చాలా సందర్భాల్లో మొదటిది రెండోదాన్ని లేపుతుంది. శ్వాసకోశ వైరస్ ఆర్‌ఎస్‌వీ సోకినవారి ముక్కు స్రావాల్లోనూ కాపీబ్యాక్ జీనోమ్‌లు కనిపించాయి, కాబట్టి ఇవి గాజు పాత్రల్లో మాత్రమే పుట్టే వింతలు కావు. ఇన్‌ఫ్లుయెంజా, పోలియో డీఐలను మందుగా వాడే ప్రయత్నాలు ఎలుకల్లో మంచి ఫలితాలిచ్చాయి. మనుషుల్లో మందుగా నిలబడటానికి ఇంకా దూరం ఉంది. సాయం చేసే వైరస్ ఉన్న కణంలోకే డీఐ చేరాలన్న పాత షరతు అక్కడా అడ్డొస్తుంది.

ఇప్పుడు వీటిని వెతికే పని ఎక్కువగా సీక్వెన్సింగ్, అంటే అక్షరాల వరసను చదవడం, మీదే నడుస్తోంది. చదివిన ముక్కల్లో మామూలు జీనోమ్‌లో పక్కపక్కన ఉండని రెండు చోట్లు అతుక్కుని కనిపిస్తే, దాన్ని డీఐ గుర్తుగా లెక్కిస్తారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆర్‌ఎన్‌ఏను చదవడానికి ముందు చాలా పద్ధతుల్లో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌తో దాన్ని డీఎన్‌ఏగా మారుస్తారు. ఆ ఎంజైమ్ కూడా వైరస్‌ల నుంచి తెచ్చుకున్నదే, దానికీ అచ్చు వదిలి మరో అచ్చు మీదకు దూకే అలవాటుంది. కణంలో జరిగిన దూకుడేదో, పరీక్ష గొట్టంలో జరిగిన దూకుడేదో తేల్చడానికి, డీఐలు లేవని ముందే తెలిసిన ఆర్‌ఎన్‌ఏను పక్కన పెట్టి, దాని నుంచి కూడా ఎన్ని అతుకులు వస్తున్నాయో లెక్కపెట్టి, ఆ మేరకు తీసేయాల్సి ఉంటుంది.